అక్షరం అదే, ఒకచోట కవచం, మరోచోట జబ్బు

1988లో డెన్మార్క్‌లో ఒక అధ్యయనం వెలువడింది. పసితనంలోనే దత్తత వెళ్లిన పిల్లలున్న 960 కుటుంబాల వివరాలను పరిశోధకులు పరిశీలించారు. దత్తత వెళ్లిన బిడ్డకు జన్యువులు కన్నవాళ్ల నుంచి వస్తాయి. ఇల్లు, తిండి, అలవాట్లు పెంచినవాళ్ల నుంచి వస్తాయి. ఏ జబ్బులో దేని పాత్ర ఎంతో విడదీసి చూడటానికి ఇంతకంటే మంచి అవకాశం అరుదుగా దొరుకుతుంది. కన్న తల్లిదండ్రుల్లో ఒకరు 50 ఏళ్లు నిండకుండానే అంటువ్యాధితో చనిపోయి ఉంటే, వేరే ఇంట్లో పెరిగిన బిడ్డకూ అంటువ్యాధితో చనిపోయే ముప్పు 5 రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. క్యాన్సర్ విషయంలో కన్నవాళ్ల ప్రభావం దాదాపు కనిపించలేదు. పెంచినవాళ్లలో ఒకరు 50 లోపు క్యాన్సర్‌తో చనిపోతే మాత్రం బిడ్డకు ఆ ముప్పు సుమారు 5 రెట్లు పెరిగింది. చనిపోయినవారి సంఖ్యలు చిన్నవి కాబట్టి ఆ 5 అన్న అంకెను గట్టిగా పట్టుకోనక్కర్లేదు. అది ఎటు చూపిస్తోందన్నదే ముఖ్యం.

చాలామంది ఊహ దీనికి తలకిందులుగా ఉంటుంది. అంటువ్యాధి బయటి నుంచి వచ్చేది, దానికి జన్యువులతో ఏం సంబంధం అనుకుంటారు. క్యాన్సర్ అనగానే "వాళ్ల వంశంలోనే ఉందట" అంటారు. నిజానికి క్రిమి ఒంట్లోకి రావడం వేరు, అది జబ్బుగా మారడం వేరు. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగో వంతు మందికి క్షయ క్రిమి సోకి ఉంటుందని అంచనా. వాళ్లలో జీవితకాలంలో జబ్బు పడేవారు నూటికి 5 నుంచి 10 మంది. ఈ తేడాకు తిండి, వయసు, మధుమేహం, హెచ్ఐవీ, పొగ అలవాటు లాంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. జన్యువులు కూడా వాటిలో ఒకటి. ఇంటర్‌ఫెరాన్ గామా అనే రక్షణ సంకేతాన్ని అందుకునే ప్రొటీన్ కొద్దిమంది పిల్లల్లో పుట్టుకతోనే పనిచేయదు. మిగతా పిల్లలకు ఏ హానీ చేయని బీసీజీ టీకాలోని బలహీనమైన క్రిమి కూడా వాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. 1996లో ఈ లోపం బయటపడింది. అలాంటి జబ్బు చాలా అరుదు. కానీ క్రిమి ఒకటే అయినా మనిషిని బట్టి కథ మారుతుందని అది స్పష్టంగా చూపిస్తుంది.

మనుషుల మధ్య ఉండే జన్యు తేడాలు ఎన్ని? మనిషి డీఎన్ఏ దాదాపు 300 కోట్ల అక్షరాల పొడవు ఉంటుంది. రాసేది మాత్రం ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతోనే. శాస్త్రవేత్తలు పోలిక కోసం పెట్టుకున్న ప్రామాణిక డీఎన్ఏతో చూస్తే, ఏ మనిషిలోనైనా 40 నుంచి 50 లక్షల చోట్ల తేడాలు కనిపిస్తాయి. చాలావరకు ఒక అక్షరం బదులు మరొకటి ఉండటమే. కొన్నిచోట్ల ముక్క ఊడిపోయి ఉంటుంది, కొన్నిచోట్ల అదే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. వీటిలో అత్యధికం ఏ హానీ చేయవు. అమ్మానాన్నల నుంచి వచ్చినవి కాక, ప్రతి బిడ్డలోనూ 60, 70 దాకా సరికొత్త మార్పులు ఉంటాయి. ఈ కొత్త మార్పుల్లో ఎక్కువ భాగం తండ్రి వైపు నుంచే వస్తాయి, తండ్రి వయసు పెరిగేకొద్దీ వాటి సంఖ్యా పెరుగుతుంది. బిడ్డకు పుట్టుకతో ఏదైనా లోపం ఉంటే తల్లిని వేలెత్తి చూపేవాళ్లు ఈ ఒక్క విషయం తెలుసుకున్నా ఎంతో మేలు. అయినా ఇందులో తప్పు తండ్రిదీ కాదు. కణం కోట్ల అక్షరాలను నకలు చేసేటప్పుడు కొన్ని పొరపాట్లు జరగక మానవు.

ఇన్ని లక్షల తేడాల్లో జబ్బుకు సంబంధించినవి ఎలా పనిచేస్తాయో అర్థం కావాలంటే సికిల్ సెల్ వ్యాధి దగ్గర కాసేపు ఆగాలి. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌లో ఒక భాగానికి సంబంధించిన జన్యువు 11వ క్రోమోజోమ్ (కణంలో డీఎన్ఏ చుట్టుకుని ఉండే కట్టల్లో ఒకటి) మీద ఉంది. అందులో ఒకే ఒక్క అక్షరం మారితే, ప్రొటీన్ గొలుసులో 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ అనే మరో అమైనో ఆమ్లం వచ్చి చేరుతుంది. ఈ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా వస్తే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలాక ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగులు కడుతుంది. గుండ్రంగా మెత్తగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. భరించలేని నొప్పులు, రక్తహీనత, అవయవాలు దెబ్బతినడం, పక్షవాతం, అన్నీ ఆ ఒక్క అక్షరం నుంచి మొదలవుతాయి. 1949లో లైనస్ పాలింగ్ బృందం దీన్ని అణువు స్థాయిలో పుట్టే జబ్బు అని చూపించింది. 1950ల్లో వెర్నాన్ ఇంగ్రామ్ ఆ మారిన ముక్క ఏదో పట్టుకున్నాడు.

ఇంత బాధపెట్టే మార్పు తరతరాలుగా ఎందుకు నిలిచింది? రెండు వైపులా వచ్చినవారు పూర్వం చిన్న వయసులోనే చనిపోయేవారు. అలాంటప్పుడు అది క్రమంగా తగ్గిపోవాలి. తగ్గలేదు. కొన్ని ప్రాంతాల్లో బాగా ఎక్కువగా ఉంది. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో సేకరించిన ఆధారాలతో కారణం చెప్పాడు. ఈ మార్పు ఒక వైపు నుంచి మాత్రమే వచ్చినవారికి మలేరియా నుంచి రక్షణ దొరుకుతోంది. తర్వాతి అధ్యయనాల్లో ప్రాణాంతకమైన మలేరియా ముప్పు వీరిలో సుమారు 90 శాతం తక్కువని తేలింది. సికిల్ సెల్ ఎక్కువగా కనిపించే ఆఫ్రికా, అరేబియా, మధ్యధరా తీరం, భారతదేశంలోని కొన్ని ప్రాంతాలు, ఒకప్పుడు మలేరియా విజృంభించిన ప్రాంతాలూ చాలావరకు ఒకటే. ఇద్దరూ ఒక్కో మార్పు ఉన్న దంపతులైతే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు, రక్షణ ఉన్న స్థితిలో పుట్టే అవకాశం సగం. కొందరు పిల్లలు భరించే నొప్పి, మరికొందరు పిల్లలు దోమకాటుకు చావకుండా బతికినందుకు చెల్లింపు. మాట కఠినంగా ఉంది కానీ ప్రకృతి ఎంపిక లెక్క అదే. మలేరియా లేని చోటికి వలస వెళితే రక్షణకు విలువ ఉండదు, చెల్లింపు మాత్రం మిగులుతుంది.

అందుకే ఒక జన్యు మార్పును విడిగా పట్టుకుని ఇది మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు. ఏ క్రిమి మధ్య, ఏ తిండి మధ్య, ఏ మందు మధ్య, ఏ కాలంలో అన్నది చెబితేనే ఆ ప్రశ్నకు అర్థం వస్తుంది.

మలేరియా మనిషి జన్యువుల మీద వేసిన ముద్రలు ఇంకా ఉన్నాయి. పశ్చిమ ఆఫ్రికాలో దాదాపు అందరిలోనూ ఎర్ర రక్తకణం పైన డఫీ అనే ప్రొటీన్ ఉండదు. వైవాక్స్ రకం మలేరియా క్రిమి కణంలోకి దూరడానికి ఆ ప్రొటీన్‌నే పట్టుకుంటుంది కాబట్టి అక్కడ వైవాక్స్ చాలా అరుదు. ఇక్కడ మారిన అక్షరం ప్రొటీన్‌ను తయారుచేసే భాగంలో లేదు. ఆ జన్యువును ఎర్ర రక్తకణాల్లో ఆన్ చేసే స్విచ్‌లో ఉంది. మిగతా కణాల్లో డఫీ మామూలుగానే తయారవుతుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఇంకో ఉదాహరణ. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందిలో ఈ లోపం ఉందని అంచనా. ఇదీ మలేరియా నుంచి కొంత కాపాడుతుంది. అయితే వీరికి మలేరియాకు వాడే ప్రైమాక్విన్ మాత్ర ఇస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. జబ్బు నుంచి కాపాడే మార్పే ఆ జబ్బు మందును విషంగా మారుస్తుంది. ప్రైమాక్విన్ ఇచ్చే ముందు జీ6పీడీ పరీక్ష చేయించమని వైద్యులు చెప్పేది అందుకే.

హెచ్ఐవీ విషయంలోనూ ఇలాంటి కథే ఉంది. సీసీఆర్5 అనే ప్రొటీన్‌ను పట్టుకుని ఆ వైరస్ రక్షణ కణాల్లోకి వెళుతుంది. ఉత్తర ఐరోపా మూలాలున్నవారిలో నూటికి ఒకరికి ఆ జన్యువులో 32 అక్షరాలు రెండు వైపులా ఊడిపోయి ఉంటాయి. వీరికి సాధారణ రకం హెచ్ఐవీ దాదాపు సోకదు. లుకీమియా అనే రక్త క్యాన్సర్‌తో పాటు హెచ్ఐవీ కూడా ఉన్న టిమొతీ రే బ్రౌన్‌కు 2007లో, 2008లో బెర్లిన్ వైద్యులు అలాంటి దాత మూలకణాలు ఎక్కించారు. హెచ్ఐవీ నుంచి పూర్తిగా బయటపడిన తొలి మనిషిగా ఆయన చరిత్రలో నిలిచారు. కానీ వెస్ట్ నైల్ వైరస్ సోకినప్పుడు, ఇదే 32 అక్షరాల లోటు ఉన్నవారికి జబ్బు తీవ్రంగా వచ్చే అవకాశం ఎక్కువ. కోవిడ్ సమయంలో బయటపడింది ఇంకా విచిత్రం. జబ్బును తీవ్రం చేసే మార్పుల గుంపు ఒకటి 3వ క్రోమోజోమ్ మీద ఉందని, అది ఎప్పుడో అంతరించిపోయిన నియాండర్తల్ మనుషుల నుంచి వారసత్వంగా వచ్చిందని 2020లో హ్యూగో జెబర్గ్, స్వాంటే పాబో చూపించారు. దక్షిణాసియాలో సుమారు సగం మందిలో ఆ ముక్క ఉంది. తర్వాత రెండేళ్లకు, అదే ముక్క ఉన్నవారికి హెచ్ఐవీ సోకే అవకాశం పావు వంతు దాకా తక్కువని జెబర్గే లెక్కకట్టాడు.

ఇంతవరకూ జన్యువు ముందు, పరిసరం వెనుక అన్నట్టు చెప్పుకున్నాం. ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు దీన్ని అటువైపు నుంచి చూపిస్తుంది. ఫినైల్‌అలనిన్ అనే పదార్థం మాంసకృత్తులున్న ప్రతి ఆహారంలోనూ ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువు రెండు వైపులా దెబ్బతింటే అది ఒంట్లో పేరుకుని మెదడును పాడుచేస్తుంది. పుట్టిన కొద్ది రోజుల్లోనే మడమ నుంచి ఒక చుక్క రక్తం తీసి పరీక్షించి, ఫినైల్‌అలనిన్ బాగా తగ్గించిన ఆహారం మొదలుపెడితే ఆ బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. జన్యువు ఏమీ మారలేదు, తిండి మారింది, అంతే. మరి ఈ జబ్బుకు కారణం జన్యువు అనాలా, తిండి అనాలా? రెండూ పూర్తిగా కారణమే. ఒకటి లేకపోతే రెండోది ఏమీ చేయలేదు. "ఈ జబ్బులో నూటికి ఎన్ని పాళ్లు వంశపారంపర్యం?" అని అడిగినప్పుడు వచ్చే అంకెను జాగ్రత్తగా చదవాలన్నది ఇందుకే. ఆ అంకె ఒక జనాభాలో, ఒక కాలంలో, మనుషుల మధ్య కనిపించే తేడాలకు సంబంధించినది. ఒక మనిషి ఒంట్లో జబ్బును ముక్కలుగా కోసి, ఇంత జన్యువుది ఇంత తిండిది అని పంచే అంకె కాదు.

మధుమేహం, గుండెజబ్బు, స్థూలకాయం లాంటి వాటిలో ఒక్క అక్షరం కథ నడిపించదు. 2005 నుంచి వేలాది, తర్వాత లక్షలాది మంది డీఎన్ఏను పోల్చి చూసే పెద్ద అధ్యయనాలు వచ్చాయి. జబ్బు ఉన్నవారిలో ఏ అక్షరాలు కాస్త ఎక్కువగా కనిపిస్తున్నాయో వెతకడమే వాటి పని. దొరికినవి వందలూ వేలూ. ఒక్కోదాని ప్రభావం మాత్రం చాలా చిన్నది. టైప్ 2 డయాబెటిస్‌లో అన్నిటికంటే బలంగా పనిచేసే సాధారణ మార్పుల్లో ఒకటి టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులో ఉంది. అది కూడా ఒక్కో కాపీకి (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి) ముప్పును సుమారు 1.4 రెట్లు చేస్తుంది, అంతకుమించి కాదు. దొరికిన మార్పుల్లో నూటికి 90 దాకా ప్రొటీన్‌ను నేరుగా మార్చేవి కావు. డఫీ విషయంలో చూసినట్టు, జన్యువు ఎప్పుడు ఎంత పనిచేయాలో నిర్ణయించే చోట్ల ఉన్నాయి. ఏ కణంలో, ఏ స్విచ్, ఏ జన్యువును కదిపింది అన్నది తేల్చడం చాలా కష్టమైన పని, ఇంకా సాగుతూనే ఉంది.

బరువుతో సంబంధం ఉందని 2007లో తేలిన, ఎఫ్‌టీఓ జన్యువులోని ఒక మార్పు గురించి ఒక విషయం ఎంత చెప్పినా తక్కువే. ఆ మార్పు రెండు వైపులా ఉన్నవారు, అసలు లేనివారికంటే సగటున 3 కిలోలు ఎక్కువ బరువుంటారు. కొన్ని దశాబ్దాలుగా సాగుతున్న అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో ఉన్నవారిని పుట్టిన సంవత్సరాన్ని బట్టి విడదీసి చూస్తే, 1942 తర్వాత పుట్టినవారిలోనే ఈ సంబంధం బలంగా కనిపించింది. అంతకుముందు పుట్టినవారిలోనూ ఆ అక్షరమే ఉంది. తిండి, శ్రమ, జీవన విధానం మారిన తర్వాతే అది బరువుగా బయటపడింది.

ఇక జన్యు పరీక్ష రిపోర్టు చేతికొచ్చాక మనుషులు పడే టెన్షన్ గురించి. ఇందులో చాలాభాగం లెక్కను తప్పుగా చదవడం వల్లే వస్తుంది. వెన్నెముక కీళ్లు బిగుసుకుపోయే ఆంకిలోసింగ్ స్పాండిలైటిస్ జబ్బు ఉన్నవారిలో అత్యధికుల్లో హెచ్ఎల్ఏ-బి27 అనే జన్యు రకం ఉంటుందని 1973లో తెలిసింది. ఐరోపా జనాభాకు దగ్గరగా ఉండే అంకెలతో వెయ్యి మందిని ఊహించుకుందాం. వాళ్లలో 80 మందికి బి27 ఉంది. జబ్బు ఉన్నది ఐదుగురికి, ఆ ఐదుగురిలో నలుగురైదుగురికి బి27 ఉంది. జబ్బు వైపు నుంచి చూస్తే బి27 దాదాపు అందరిలో ఉన్నట్టు కనిపిస్తుంది. బి27 వైపు నుంచి చూస్తే 80 మందిలో 75 మంది ఏ బాధా లేకుండా బతుకుతున్నారు. రెండు వాక్యాలూ నిజమే. రిపోర్టు పట్టుకుని వణికిపోతున్న మనిషికి కావలసింది రెండో వాక్యం, తరచుగా చెవిన పడేది మొదటిది.

అన్ని రిపోర్టులూ ఇలా తేలిగ్గా తీసుకోదగ్గవి కావు. మేరీ క్లెయిర్ కింగ్ 1990లో 17వ క్రోమోజోమ్ మీద జాడ పట్టిన బీఆర్‌సీఏ1 జన్యువులో హానికరమైన మార్పు ఉన్న స్త్రీలకు 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి సుమారు 70. అండాశయ క్యాన్సర్ ముప్పు నూటికి 40కి పైగా. అమెరికా లెక్కల్లో సగటు స్త్రీకి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ ముప్పు నూటికి 13 దగ్గర ఉంటుంది. ఇంత తేడా ఉన్నప్పుడు ముందస్తు స్కానింగ్‌లు, అవసరమైతే శస్త్రచికిత్స గురించి డాక్టర్‌తో కూర్చుని మాట్లాడుకోవలసిందే. మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌కు సంబంధించిన ఏపీఓఈ4 అనే జన్యు రకం ఈ రెండింటి మధ్యలో నిలుస్తుంది. ఒక కాపీ ఉంటే ముప్పు సుమారు 3 రెట్లు, రెండుంటే 8 నుంచి 12 రెట్లు అంటారు. అయినా రెండూ ఉండి కూడా ముదిమిలో జ్ఞాపకశక్తి చెక్కుచెదరని వాళ్లు ఉన్నారు, ఒక్కటీ లేకుండా జబ్బు పడ్డవాళ్లూ ఉన్నారు. మెదడును క్రమంగా దెబ్బతీసే హంటింగ్టన్ జబ్బులా, ఒక జన్యువులో సీఏజీ అనే మూడక్షరాల మాట 40 లేదా అంతకు ఎక్కువసార్లు వస్తే మామూలు ఆయుష్షులో జబ్బు దాదాపు తప్పదు అని చెప్పగలిగే సందర్భాలు చాలా కొద్ది.

మందుల దగ్గర మాత్రం జన్యు సమాచారం ఇప్పటికే నేరుగా ప్రాణాలు కాపాడుతోంది. ఇక్కడ జన్యువుకు ఎదురయ్యే పరిసరం ఒక మాత్ర, దాన్ని ఇవ్వకుండా ఉండటం మన చేతిలోనే ఉంది. హెచ్ఐవీకి వాడే అబాకవిర్ కొందరిలో తీవ్రమైన రియాక్షన్ తెస్తుంది. హెచ్ఎల్ఏ-బి57:01 అనే రకం ఉన్నవారిలోనే ఇది వస్తోందని 2002లో గుర్తించారు. 2008లో వెలువడిన సుమారు 2,000 మంది అధ్యయనంలో, ముందే పరీక్ష చేసి ఆ రకం ఉన్నవారికి మందు ఇవ్వని గుంపులో, చర్మ పరీక్షతో నిర్ధారణైన రియాక్షన్ ఒక్కటీ లేదు. మూర్ఛకు వాడే కార్బమజెపీన్ వల్ల చర్మం ఊడిపోయే ప్రమాదకర స్థితికి హెచ్ఎల్ఏ-బి15:02తో సంబంధం ఉందని 2004లో తైవాన్ పరిశోధకులు కనుగొన్నారు. ఆ రకం ఆసియాలోని చాలా జనాభాల్లో కనిపిస్తుంది, ఐరోపా వారిలో బాగా అరుదు. ఐరోపా వారినే పరిశీలించి ఉంటే అది దొరికేది కాదు.

ఈ రంగంలో అన్నిటికంటే పెద్ద అన్యాయం ఇక్కడే ఉంది. ఇప్పటిదాకా జరిగిన పెద్ద జన్యు అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో అత్యధికులు ఐరోపా మూలాలున్నవారే. వేల చిన్న మార్పులను కూడి గుండెజబ్బుకో డయాబెటిస్‌కో ఇచ్చే రిస్క్ స్కోర్లు వాళ్ల డీఎన్ఏ మీద తయారయ్యాయి. వేరే జనాభాలకు వాటిని వాడితే కచ్చితత్వం పడిపోతుంది, ఆఫ్రికా మూలాలున్నవారిలో మరీ ఎక్కువగా. మనుషుల జన్యు తేడాల్లో అన్నిటికంటే ఎక్కువ వైవిధ్యం ఉన్నది ఆఫ్రికాలోనే. వెతకవలసిన చోట వెతకకపోవడం వల్ల నష్టపోయేది అక్కడివాళ్లు మాత్రమే కాదు.

పీసీఎస్‌కే9 కథలో ఆ సంగతి కళ్లకు కడుతుంది. కాలేయం పైన చెడు కొలెస్ట్రాల్‌ను పట్టి లాగేసే గ్రాహకాలు ఉంటాయి. పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ వాటిని నాశనం చేస్తుంది. ఈ ప్రొటీన్ అతిగా పనిచేసి, చిన్న వయసులోనే కొలెస్ట్రాల్ విపరీతంగా పెరిగిన ఫ్రెంచ్ కుటుంబాలను 2003లో గుర్తించారు. అలాగైతే ఈ ప్రొటీన్ పనిచేయనివాళ్ల సంగతేమిటి? డల్లాస్‌లో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ ఈ ప్రశ్న పట్టుకుని వెతికారు. వాళ్ల అధ్యయనంలో పాల్గొన్నవారిలో దాదాపు సగం మంది ఆఫ్రికన్ అమెరికన్లు ఉండేలా ముందే చూసుకున్నారు. ఆ జన్యువును మధ్యలోనే ఆపేసే రెండు మార్పులు ఆఫ్రికన్ అమెరికన్లలో నూటికి ఇద్దరిలో కనిపించాయి. ఐరోపా మూలాలున్నవారిలో అవి వెయ్యికి ఒకరిలో కూడా లేవు. 2006లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ మార్పులున్న ఆఫ్రికన్ అమెరికన్లలో చెడు కొలెస్ట్రాల్ 28 శాతం తక్కువ, గుండెజబ్బు ముప్పు 88 శాతం తక్కువ. ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు 2015లో మార్కెట్లోకి వచ్చాయి. పుట్టుకతో ఆ మార్పు లేని లక్షలాది మంది ఇప్పుడు వాటితో కొలెస్ట్రాల్ తగ్గించుకుంటున్నారు.